రసాయనశాస్త్ర పట్టము – ఒక గురుపరంపర

కేంద్రప్రభుత్వ కార్యాలయములలో పనిచేయు తెలుగువారిలో బి.ఎస్‌సి. పట్టము గడించినవారు తక్కువమంది కారు. వారిలో పెక్కురు ఒకప్పుడు రసాయనశాస్త్రమును ప్రధాన విషయముగా చదివినవారే. బ్యూరెట్టు పట్టిన చేయి కాలక్రమమున కలము పట్టినది. లవణమును పరీక్షించిన కన్ను ఫైళ్ళలోని లెక్కలను పరీక్షించుచున్నది. ఇంటిలో కుమారుడో కుమార్తెయో ఇంటర్మీడియేటు ముగించి పైచదువునకు సిద్ధమైనపుడు, రసాయనశాస్త్రము చదివినచో ఏమి ప్రయోజనమను ప్రశ్న తప్పక వచ్చును. దానికి ఉద్యోగముల పట్టిక చూపి సమాధానము చెప్పుట లోకవాడుక. అయితే ఆ పట్టము ఈ దేశమున ఎట్లు పుట్టినది, ఎవరి శ్రమతో పెరిగినది అను చరిత్ర తెలిసినవారికి ఆ ప్రశ్నకు వేరొక సమాధానము దొరకును.

రసాయనవిద్య భారతదేశమునకు క్రొత్తది కాదు. ఢిల్లీలో కుతుబ్ మీనారు చెంతనున్న ఇనుపస్తంభము సుమారు 1,600 సంవత్సరములుగా ఎండకును వానకును ఓర్చి నిలిచియున్నది. మచిలీపట్నపు అద్దకపు పనివారు కరక్కాయ పట్టించిన వస్త్రముపై ఇనుపనీటితో నలుపును, పటిక సాయముతో చిరివేరు ఎరుపును నిలుపుట తరతరములుగా ఎరిగినవారు. నాగార్జునుని పేర ప్రసిద్ధములైన రసతంత్రములు పాదరసమును శుద్ధిచేయు విధములను వర్ణించినవి. అయినను ఇనుమును సాగగొట్టిన కమ్మరి ఆ గ్రంథములను చదువలేదు. గ్రంథములను చదివిన పండితుడు కొలిమి యొద్ద నిలువలేదు. చేతిపని ఒక వర్గమునకును శాస్త్రము మరియొక వర్గమునకును చెందినవై విడివడిపోవుట ఈ దేశమున ప్రయోగవిజ్ఞానము క్షీణించుటకు ఒక ముఖ్యకారణమని ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ అభిప్రాయపడెను. 1902లోను, 1909లోను రెండు సంపుటములుగా వెలువడిన ఆయన 'హిందూ రసాయనశాస్త్ర చరిత్ర'లో ఈ విచారణ కానవచ్చును. కళాశాలలలో రసాయనశాస్త్రము ప్రవేశించుటయనగా, అట్లు విడిపోయిన చేతిని, బుద్ధిని మరల ఒకచోట చేర్చుటయే. ఆ పని సులభముగా జరుగలేదు.

ఆధునిక రసాయనశాస్త్రము ఈ దేశపు విద్యాలయములలో మొదట వైద్యమునకు తోడుగా అడుగిడెను. 1835లో కలకత్తా మెడికల్ కాలేజీ స్థాపితమైనపుడు విలియం బ్రూక్ ఓషానెస్సీ అను ఐరిష్ వైద్యుడు అచ్చట రసాయనశాస్త్రాచార్యుడయ్యెను. భారతీయ విద్యార్థుల కొరకు ఆయన ఒక రసాయన గ్రంథమును కూడ రచించెను. తరువాతి కాలమున దేశమున తంతివార్తల వ్యవస్థను నెలకొల్పినవాడును ఆయనయే. 1836లో అదే కళాశాలలో పండిత మధుసూదన గుప్త శవచ్ఛేదము చేసి, తరతరముల నిషేధమును దాటెను. చేతితో తాకి చూడనిదే శాస్త్రము లేదను సూత్రము ఆ దినమున వైద్యమునందు అంగీకరింపబడెను. రసాయనశాస్త్రమునందు ఆ అంగీకారము లభించుటకు మరి యేబది సంవత్సరములకు పైగా పట్టెను.

అందులకు కారణము విశ్వవిద్యాలయముల నిర్మాణమునందే కలదు. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయములు లండను విశ్వవిద్యాలయము ననుసరించి స్థాపింపబడినవి. అవి బోధనాలయములు కావు, పరీక్షాసంస్థలు. కళాశాలలు పాఠము చెప్పును. విశ్వవిద్యాలయము పరీక్ష పెట్టి పట్టమిచ్చును. పరీక్షాపత్రమునందు అడుగునది వ్రాతపూర్వకమైన సమాధానము గనుక విద్యార్థి కంఠస్థము చేసెను. ఆమ్లజని తయారీ, గంధకికామ్లపు ధర్మములు, గాలితిత్తి పటములు – ఇవన్నియు ఒక్క గాజునాళికనైనను ముట్టని విద్యార్థి పరీక్షలో సరిగా వ్రాయగలిగెను. ఉపాధ్యాయుడు వేదికపై ప్రయోగము చేసి చూపును. విద్యార్థులు దూరమున బెంచీలపై కూర్చుండి చూతురు. సైన్సు విషయములు చదివినవారికి కలకత్తాలో ఆ దినములలో లభించినది బి.ఏ. పట్టమే. దానిని 'బి' కోర్సు అని వ్యవహరించెడివారు.

ఇదే కాలమున ఐరోపాలో రసాయనశాస్త్రము వేరొక విధముగా నేర్పబడుచుండెను. 1824లో జస్టస్ లీబిగ్ అను ఇరువదియొక్క సంవత్సరముల యువకుడు జర్మనీలోని గీసెన్ అను చిన్న పట్టణపు విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా చేరెను. ఆయన తన విద్యార్థులను బల్లల యొద్ద నిలువబెట్టి, ఒక్కొక్కనికి తెలియని పదార్థమునిచ్చి, అందేమి కలదో వానినే తెలిసికొనుమనెను. సాధారణ విద్యార్థి సయితము విశ్లేషణ నేర్చి, క్రమముగా నూతన విషయములను కనుగొను స్థితికి వచ్చుట అచ్చట సాధ్యమయ్యెను. గీసెన్‌లో లీబిగ్ యొద్ద నేర్చిన లయన్ ప్లేఫెయిర్ 1858లో ఎడింబరో విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రాచార్యుడయ్యెను. ఆయన తరువాత 1869లో ఆ పీఠము నధిష్ఠించినవాడు అలెగ్జాండర్ క్రమ్ బ్రౌన్. ఆయనయు జర్మనీ వెళ్ళి బున్సెన్, కోల్బేల యొద్ద పని నేర్చినవాడే.

ఈ బల్లల యొద్ద జరిగిన పని ఏ పాటిదో భారతదేశమునకు త్వరలోనే తెలిసివచ్చెను. నీలిమందు ఈ దేశపు ప్రాచీన సంపద. బీహారు, బెంగాలు తోటలతోపాటు కడప, నెల్లూరు సీమలలోను నీలి పండెడిది. కడప నీలికి అంతర్జాతీయ విపణిలో 'కర్పా' అను పేరు కూడ ఉండెను. 1880లో జర్మను శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ బేయర్ నీలివర్ణద్రవ్యమును ప్రయోగశాలలో సిద్ధము చేసెను. 1897లో బి.ఏ.ఎస్.ఎఫ్. అను జర్మను సంస్థ దానిని విపణికి తెచ్చెను. కొలది సంవత్సరములలో తోటలనీలి నేల గూలెను. నష్టపోయిన చంపారన్ తోటల యజమానులు ఆ భారమును రైతుల తలపై మోపుటయు, 1917లో గాంధీజీ అచ్చటికి పోవుటయు అందరెరిగినదే. ఒక దేశపు విద్యార్థులు పరీక్షనాళికలతో పని నేర్చుకొనగా, మరియొక దేశపు రైతు పొలమున దాని ఫలము ననుభవించెను. రసాయనశాస్త్ర పట్టమనునది కొందరి వ్యక్తిగత యోగ్యతతో ముగియునది కాదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

ఈ విషయమును అందరికంటె ముందుగా హృదయమునకు పట్టించుకొన్నవాడు ప్రఫుల్లచంద్ర రాయ్. 1861 ఆగష్టు 2వ తేదీన, ఇప్పుడు బంగ్లాదేశములోనున్న ఖుల్నా ప్రాంతపు రాడులీ గ్రామమున ఆయన జన్మించెను. ఈశ్వరచంద్ర విద్యాసాగరుని మెట్రోపాలిటన్ ఇన్‌స్టిట్యూషనులో చదువుచు, సైన్సు పాఠముల కొరకు బయటి విద్యార్థిగా ప్రెసిడెన్సీ కళాశాలకు పోవుచుండెను. అచ్చటి ఆచార్యుడు అలెగ్జాండర్ పెడ్లర్ ప్రయోగములను చూపుటలో మిక్కిలి నేర్పరి. ఆ ప్రయోగములను చూచి తృప్తినొందక, రాయ్ ఒక సహాధ్యాయితో కలసి బసలోనే చిన్న ప్రయోగశాల నేర్పరచుకొనెను. సామాన్యమైన తగరపు రేకుతో చేసికొన్న మండుగొట్టము ఒకనాడు ప్రేలిపోగా, దైవవశమున గాయములు లేక బయటపడిరి. చూచుటతో తృప్తి పడనివాడే శాస్త్రజ్ఞుడగునను మాటకు ఆ ప్రేలుడు సాక్షి.

1882లో గిల్‌క్రిస్ట్ విద్యార్థివేతనమును గెలుచుకొని రాయ్ ఎడింబరో చేరెను. క్రమ్ బ్రౌన్ శిష్యుడై 1885లో బి.ఎస్‌సి., 1887లో డి.ఎస్‌సి. పట్టముల నందెను. 1888లో స్వదేశమునకు మరలెను. అంతటి యోగ్యత గల వానికి దొరలతో సమానమైన ఇంపీరియల్ సర్వీసులో చోటు దొరకలేదు. సుమారు ఒక సంవత్సరము పని లేక, మిత్రుడు జగదీశచంద్ర బోసు ఇంట కాలము గడపి, 1889లో ప్రెసిడెన్సీ కళాశాలలో నెలకు 250 రూపాయల జీతముపై ఉపాచార్యుడుగా ప్రవేశించెను.

పెద్ద ఆచార్యులు పెద్ద తరగతులకే పాఠము చెప్పవలెనను ఆచారమును రాయ్ పాటింపలేదు. క్రొత్తగా చేరిన బాలురకు బోధించుటయే ఆయనకు ప్రీతి. కుమ్మరి చేతిలో మన్ను మెత్తగా ఉన్నపుడే కుండకు రూపు వచ్చునని ఆయన నమ్మకము. ఎముకను కాల్చి తెల్లని బూడిద చేసి, అది కేవలము కాల్షియం ఫాస్ఫేటు అను రసాయన పదార్థమే యని చెప్పి, తరగతిలో విద్యార్థులందరు చూచుచుండగా నోటవేసికొనెడివాడు. ఆచారవంతులైన కుటుంబముల నుండి వచ్చిన బాలురకు అది రసాయనపాఠమును, ధైర్యపాఠమును కూడ.

ఎముకలతో ఆయనకు మరియొక అనుభవము కలదు. మందుల తయారీ కొరకు కసాయివారి యొద్ద ఎముకలు తెప్పించి అద్దె యింటి మిద్దెపై ఎండబెట్టెను. వాన కురిసి అవి కుళ్ళి దుర్గంధము కొట్టగా ఇరుగుపొరుగువారు మునిసిపాలిటీకి ఫిర్యాదు చేయుదుమనిరి. ఎముకలను ఊరి చివరకు తరలించి రాత్రివేళ కాల్పించుచుండగా, ఎవరినో చంపి దహించుచున్నారను అనుమానముతో పోలీసువారు వచ్చిరి. కలకత్తాలోని 91, అప్పర్ సర్క్యులర్ రోడ్డు ఇంట ఇట్లారంభమైన పనియే 1901లో బెంగాల్ కెమికల్ అండ్ ఫార్మస్యూటికల్ వర్క్స్ అను లిమిటెడ్ కంపెనీ యయ్యెను. చదివిన చదువుతో గుమాస్తా పని వెదకికొనుట తప్ప వేరు మార్గమెరుగని బెంగాలీ యువకులకు స్వంత పరిశ్రమను చూపవలెనని ఆయన దీనిని స్థాపించెను.

1894లో ప్రెసిడెన్సీ కళాశాలకు నూతన ప్రయోగశాల సమకూడెను. రాయ్ అందు నీరు కలిపిన చల్లని నత్రికామ్లమున పాదరసమును వేసి ఒక లవణమును తయారు చేయుచుండ, పాత్రలో పసుపువన్నె స్ఫటికములు కానవచ్చెను. పుస్తకమున లేని పసుపు అది. తొందరపడువాడు దానిని పారబోసి మరల మొదలుపెట్టును. రాయ్ ఆగి పరీక్షించెను. అది మెర్క్యురస్ నైట్రైట్ అను, అంతవరకు ఎవరును ఎరుగని పదార్థమని తేలెను. 1896లో ఆయన దానిని ప్రకటించెను. అది మొదలు నైట్రైట్ల పరిశోధన ఆయన శిష్యబృందమునకు కులవృత్తి వంటిదయ్యెను.

ఒక్క ఆచార్యుడు ఎంతవాడైనను, పద్ధతి మారనిదే విద్య మారదు. 1904 నాటి భారత విశ్వవిద్యాలయ చట్టము విశ్వవిద్యాలయములు తామే ఆచార్యులను నియమించి బోధించుటకు అవకాశము కల్పించెను. కళాశాలలకు గుర్తింపు నొసగుటకు ముందు వాని వసతులను పరిశీలించు విధియు బలపడెను. ఆ చట్టము ప్రభుత్వపు పట్టును పెంచుటకు ఉద్దేశింపబడినదని దేశనాయకులు దానిని విమర్శించిరి. ఆ విమర్శ నిర్మూలము కాదు. అయితే 1906లో కలకత్తా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడైన అశుతోష్ ముఖర్జీ ఆ చట్టమునే సాధనముగా చేసికొని పరీక్షాసంస్థను విద్యాపీఠముగా మార్చెను. న్యాయవాదులైన తారకనాథ పాలిత్, రాస్‌బిహారీ ఘోష్‌లు తమ ఆర్జనను విశ్వవిద్యాలయమునకు ధారపోసిరి. 1913లో ఘోష్ ఇచ్చినది 10 లక్షల రూపాయలు. పాలిత్ దానముతో ఏర్పడిన పీఠములలో భారతీయులే ఆచార్యులు కావలెనను నియమము కలదు. 1914 మార్చి 27వ తేదీన యూనివర్సిటీ కాలేజ్ ఆఫ్ సైన్సునకు శంకుస్థాపన జరిగెను. 1916లో ప్రెసిడెన్సీ కళాశాల నుండి విశ్రాంతి గొన్న రాయ్ అచ్చట మొదటి పాలిత్ రసాయనశాస్త్రాచార్యుడయ్యెను.

1909లో ప్రెసిడెన్సీ కళాశాలలో ప్రవేశించిన విద్యార్థుల కూటమి నేటికిని ప్రసిద్ధము. సత్యేంద్రనాథ బోసు, జ్ఞానచంద్ర ఘోష్, జ్ఞానేంద్రనాథ ముఖర్జీ ఆ తరగతివారు. మేఘనాథ సాహా తరువాత వారితో చేరెను. బోసు, సాహాలు గణిత భౌతికశాస్త్రములకు పోగా, ఘోష్, ముఖర్జీలు రసాయనశాస్త్రమును వరించిరి. జ్ఞానచంద్ర ఘోష్ 1921లో ఢాకా విశ్వవిద్యాలయమునకు పోయెను. తరువాత బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సునకును, ఖరగ్‌పూరు ఐ.ఐ.టి.కిని అధిపతి యయ్యెను. మరియొక శిష్యుడు నీలరతన్ ధర్ అలహాబాదులో రసాయనశాస్త్ర శాఖను పెంచెను. 1924లో ఇండియన్ కెమికల్ సొసైటీ ఏర్పడగా రాయ్ దాని ప్రథమాధ్యక్షుడయ్యెను. 1921లో అరువది సంవత్సరములు నిండినది మొదలు ఆయన తన జీతమంతయు విశ్వవిద్యాలయమునకే తిరిగి యిచ్చివేసి, ఆ సైన్సు కళాశాలలోని ఒక గదిలో విద్యార్థుల నడుమ నివసించెను. 1944 జూన్ 16వ తేదీన ఆ ఋషితుల్యుని జీవితము ముగిసెను.

ఆ సంవత్సరముననే కలకత్తా విశ్వవిద్యాలయము అసీమా చటర్జీకి రసాయనశాస్త్రమున డి.ఎస్‌సి. పట్టమిచ్చెను. ఆమె 1936లో స్కాటిష్ చర్చి కళాశాలలో రసాయనశాస్త్ర ఆనర్సు ముగించి, ఔషధవృక్షములలోని ఆల్కలాయిడ్లను పరిశోధించినది. 1975లో ఇండియన్ సైన్సు కాంగ్రెసు సర్వాధ్యక్షపదవి నందిన మొదటి మహిళ ఆమెయే. బాలికలకు రసాయనపు బల్ల తగదని సంశయించినవారికి ఆమె జీవితము చాలిన సమాధానము.

కలకత్తా నుండి ఈ విద్య తెలుగుసీమకు వచ్చిన దారి మద్రాసు మీదుగా సాగినది. తెలుగు జిల్లాలలో రాజమహేంద్రవరము, మచిలీపట్నము, విజయనగరము వంటి తావులలో కళాశాలలుండెను గాని, 1926 వరకు అవన్నియు మద్రాసు విశ్వవిద్యాలయమునకు లోబడినవే. సైన్సున ఉన్నతవిద్య కావలసిన తెలుగు బాలుడు మద్రాసునకు పోవలసినదే. ఇల్లు విడిచి, హోటలు భోజనమునకును పరభాషకును అలవడి, ప్రయోగశాల రుసుము చెల్లించి చదువుట కలిగినవారికే సాధ్యము. కావున న్యాయశాస్త్రము వైపును, ప్రభుత్వోద్యోగముల వైపును తెలుగువారు మొగ్గుచూపుట వింత కాదు.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఆ కాలమున రసాయనశాస్త్రాచార్యుడు బిమాన్ బిహారీ డే. ఈయన కలకత్తాలో ప్రఫుల్లచంద్ర రాయ్‌తో కలసి పనిచేసినవాడు.  డే యొద్ద పరిశోధన నేర్చినవాడు తిరువేంగడ రాజేంద్ర శేషాద్రి. ఈయన 1900 ఫిబ్రవరి 3వ తేదీన తిరుచిరాపల్లి సీమలోని కుళిత్తలైలో జన్మించెను. మాంచెస్టరులో రాబర్ట్ రాబిన్సన్ యొద్ద 1929లో పిహెచ్.డి. పొంది, ఆస్ట్రియాలో ఫ్రిట్జ్ ప్రెగ్ల్ యొద్ద అత్యల్ప పరిమాణములతో విశ్లేషించు విద్యను నేర్చెను. తన గురుపరంపర మొదలైన ఎడింబరోలోను జార్జ్ బార్జర్ యొద్ద కొంతకాలము పనిచేసి స్వదేశమునకు మరలెను.

ఇంతలో ఆంధ్రుల చిరకాల వాంఛ ఫలించి 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము ఏర్పడెను. మొదట బెజవాడలో నుండి, 1930లో వాల్తేరునకు చేరెను. కట్టమంచి రామలింగారెడ్డియు, ఆయన తరువాత సర్వేపల్లి రాధాకృష్ణయ్యయు ఉపాధ్యక్షులై దానిని తీర్చిదిద్దిరి. జయపుర మహారాజు విక్రమదేవవర్మ ఏటేట లక్ష రూపాయలు ఒసగుటకు పూనుకొనెను. ఆయన పేరనే విజ్ఞాన సాంకేతిక కళాశాల వెలసెను. కలకత్తాలో న్యాయవాదులు చేసిన దానమును ఇచ్చట ఒక సంస్థానాధిపతి చేసెనన్నమాట. 1933లో శేషాద్రి ఆ కళాశాలలో రసాయనశాస్త్ర శాఖాధిపతిగా ప్రవేశించెను. 1937లో ఆచార్యుడయ్యెను.

వాల్తేరు ప్రయోగశాల సంపన్నమైనది కాదు. విదేశముల నుండి తెప్పింపవలసిన ద్రవ్యములకు ధనము చాలదు. అందుచే శేషాద్రి తెలుగునేలను ఒక మందుల బీరువాగా ఎంచెను. గోగుపూవులు, ప్రత్తిపూవులు, గంగరావిపూవులు, కానుగగింజలు – ఊరివారు రోజూ చూచునవియే పరిశోధనద్రవ్యములయ్యెను. ఆయనయు శిష్యులును ఆ పూవులలోని పసుపువన్నె ద్రవ్యములను వేరుచేసి, వాని అణునిర్మాణమును నిర్ణయించి, దేశవిదేశ పత్రికలలో ప్రకటించిరి. గోంగూర పచ్చడి ఎరుగని తెలుగువాడుండడు. ఆ గోగుమొక్క పూవులో ఇంతటి శాస్త్రమున్నదని చూపినది ఆ ప్రయోగశాల. మచిలీపట్నపు అద్దకపువాడు చేతితో ఎరిగిన వృక్షవర్ణముల విద్యకు వాల్తేరులో శాస్త్రము తోడయ్యెను. విడిపోయిన చేయియు బుద్ధియు మరల కలసికొన్న సందర్భములలో ఇదియొకటి.

ఆనర్సు విద్యార్థులకు ఆ వాతావరణమే గొప్ప పాఠము. పక్కగదిలో నూతన సత్యము పుట్టుచుండగా ఇవతలి గదిలో లవణపరీక్ష చేయు బాలునికి తన పనియు ఆ సత్యమునకు మొదటిమెట్టని తోచును. ప్లాటినపు తీగ కొనను లవణమునద్ది మంటలో పెట్టినపుడు సోడియం పసుపుగాను, పొటాషియం ఊదాగాను, బేరియం లేత ఆకుపచ్చగాను వెలుగును. నత్రికలవణపు ద్రావణమున గోధుమరంగు వలయము కట్టును. ఆ రంగు వచ్చినదో లేదో కన్ను చెప్పవలెను. వచ్చినదానిని ఉన్నదున్నట్లు నోటుపుస్తకమున వ్రాయవలెను. కోరినది రానపుడు రానట్లే వ్రాయుట రసాయనశాస్త్రము విద్యార్థికి నేర్పు మొట్టమొదటి సత్యవ్రతము.

1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్నముపై బాంబులు వేసెను. ఆ సంవత్సరముననే విశ్వవిద్యాలయము గుంటూరునకు తరలిపోయెను. కుదుటపడుచున్న ప్రయోగశాల చెల్లాచెదరయ్యెను. గాజుపాత్రలు మూటగట్టుకొని, పరాయిచోట చాలీచాలని వసతులతో బోధనయు పరిశోధనయు సాగింపవలసి వచ్చెను. అయినను కానుగగింజలు గుంటూరులోను దొరకును. కొద్ది పరిమాణముతో ఎక్కువ తెలిసికొను విద్య ఆచార్యుని చేతిలోనే కలదు. ఆ యిక్కట్ల నడుమను పరంపర తెగలేదు.

1949లో శేషాద్రి ఢిల్లీ విశ్వవిద్యాలయమునకు ఆచార్యుడుగా వెళ్ళెను. 1922లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయము 1943లోనే మూడు సంవత్సరముల డిగ్రీ పద్ధతిని చేపట్టియుండెను. వాల్తేరులో పెరిగిన పరిశోధనాసంప్రదాయము రాజధానిలో మరింత విస్తరించెను. 1960లో ఆయన లండను రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. 1963లో పద్మభూషణ పురస్కారము లభించెను. ఆ దశకమున ఢిల్లీ రసాయనశాఖ ప్రకృతిసిద్ధ ద్రవ్యముల రసాయనమునకు ఉన్నతాధ్యయన కేంద్రముగా గుర్తింపబడెను. 1975 సెప్టెంబరు 27వ తేదీన ఆయన దివంగతుడయ్యెను. జన్మచే ఆయన తమిళుడు. పదునారేండ్లు తెలుగు విద్యార్థులకు గురువు. గీసెన్ నుండి ఎడింబరో, ఎడింబరో నుండి కలకత్తా, కలకత్తా నుండి మద్రాసు, మద్రాసు నుండి వాల్తేరు, వాల్తేరు నుండి ఢిల్లీ – ఒక దీపమునుండి మరియొక దీపము వెలిగించినట్లు ఈ విద్య సాగివచ్చినది. ఆ దారిలో భాష, రాష్ట్రము, జాతి అను హద్దులు ఎచ్చటను అడ్డుపడలేదు.

భాషావిషయమున మాత్రము ఒక చిక్కు నేటికిని మిగిలియున్నది. హైదరాబాదులో 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఇంగ్లీషును వదలి ఉర్దూ మాధ్యమమున సకల శాస్త్రములను బోధింప సాహసించెను. అందులకై 1917లోనే ఏర్పడిన దారుల్ తర్జుమా అను అనువాదశాఖ పాఠ్యగ్రంథములను, పారిభాషిక పదములను సిద్ధపరచెను. భారతీయ భాషలో రసాయనశాస్త్రమును పట్టస్థాయిలో బోధింపవచ్చునని ఆ ప్రయత్నము ఋజువు చేసినది. కాని తెలంగాణములోని తెలుగు బాలునికి ఉర్దూయు నేర్చుకొనవలసిన పరభాషయే. 1948 తరువాత అచ్చట ఇంగ్లీషు మాధ్యమమయ్యెను. తెలుగున శాస్త్రగ్రంథములు వెలువరించుటకు 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికామండలి పూనుకొనెను; 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాల తరగతులకు పాఠ్యగ్రంథములను తెచ్చెను. తల్లిభాషలో అర్థమైన విషయము చేతికి త్వరగా వచ్చును. మంట రంగును చూచి ఆశ్చర్యపడిన బాలుడు ఆ యాశ్చర్యమును మొదట తెలుగులోనే పలుకును గదా.

1857 నుండి నేటివరకు నడచిన ఈ కథలో ఒక్క విషయము మరల మరల కానవచ్చును. రసాయనశాస్త్ర పట్టము పుస్తకముపై నిలిచినంతకాలము అది ఒక అర్హతాపత్రము. ప్రయోగశాల బల్ల దానికి తోడైన దినమున అది విద్య. ఆ బల్ల ఊరకే రాలేదు. పాలిత్, ఘోష్‌ల ఆర్జనయు, విక్రమదేవవర్మ వార్షిక దానమును, ప్రఫుల్లచంద్రుని జీతమును, శేషాద్రి ఓర్పును కలసి దానిని నిలిపినవి. 2020 నాటి జాతీయ విద్యావిధానము ననుసరించి ఢిల్లీ విశ్వవిద్యాలయము 2022లో నాలుగు సంవత్సరముల డిగ్రీని ఆరంభించినది. సంవత్సరములు పెరుగవచ్చును, తగ్గవచ్చును, పాఠ్యప్రణాళికలు మారవచ్చును. ప్రయోగతరగతికి గంటలును, ద్రవ్యములకు ధనమును, బల్లపక్కన నిలుచు గురువును లేనిచోట, మూడేండ్లైనను నాలుగేండ్లైనను విద్యార్థి మరల ఆ 1857 నాటి బెంచీపై కూర్చున్నవాడే యగును.

కావున ఇంట ఆ ప్రశ్న వచ్చినపుడు పెద్దలు ఉద్యోగముల పట్టికతో ఆగనక్కరలేదు. చేరబోవు కళాశాలలో ప్రయోగశాల తెరచియున్నదా, అందు విద్యార్థి స్వయముగా బ్యూరెట్టు పట్టునా అని విచారించుట మొదటి కర్తవ్యము. అట్టి బల్ల యొద్ద రెండు మూడేండ్లు నిలిచినవాడు కంటికి కనబడినదానిని కనబడినట్లు వ్రాయుట నేర్చుకొనును. ఆ తరువాత అతడు పరిశోధకుడైనను, ఉపాధ్యాయుడైనను, ఒక కార్యాలయమున ఫైళ్ళ నడుమ కూర్చున్నను, ఆ అలవాటు అతనిని విడువదు. ప్రఫుల్లచంద్రుడు పాత్రలో చూచిన ఆ పసుపువన్నెను పారబోయక ఆగి చూచిన గుణమే ఈ పట్టము ఇచ్చు నిజమైన ఫలము.